వైఫై ఉన్నట్టుండి ఆగిపోయిందా? రీసెట్ నొక్కే ముందు ఇది చదవండి

ముందుగా ఒక మాట. రౌటర్ వెనక సన్నటి కన్నంలో ఒక బటన్ ఉంటుంది, పక్కన రీసెట్ అని రాసి ఉంటుంది. దాంట్లో పిన్నీసు దూర్చి నొక్కకండి. నెట్ పోగానే ఆఫీసులో ఎవరో చెప్పారని, వీడియోలో ఎవరో చూపించారని చాలామంది నేరుగా అక్కడికే వెళ్తారు. అది నొక్కితే రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకి వెళ్లిపోతుంది. మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ పోవడం ఒక్కటే అయితే పరవాలేదు, మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ కనెక్షన్ ఇచ్చిన రోజు కంపెనీ అబ్బాయి లోపల ఎక్కించిన యూజర్ నేమ్, సెట్టింగులు కూడా చాలా రౌటర్లలో చెరిగిపోతాయి. అవి మీ దగ్గర ఉండవు. పది నిమిషాల్లో తేలిపోయే సమస్య కాస్తా వాళ్ల మనిషి వచ్చేదాకా ఆగాల్సిన సమస్య అవుతుంది, పైగా అప్పటిదాకా పనిచేస్తున్న ఫోన్లు, టీవీ కూడా ఆగిపోతాయి. రీస్టార్ట్ చేయాలంటే గోడ దగ్గర స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయండి. ఎన్నిసార్లు చేసినా ఏమీ పోదు.

ఇక అసలు విషయం. నెట్ పోయింది అన్నప్పుడు ఎక్కడ పోయిందో ముందు తేల్చుకోవాలి. కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్యా, లేక రౌటర్‌కీ వీధిలో కేబుల్‌కీ మధ్యా? ఇది తెలియకుండా సెట్టింగులన్నీ కెలికితే, చివరికి నెట్ వచ్చినా మీరు మార్చినవాటిలో ఏదో ఒకటి ఇంకో సమస్య తెచ్చిపెడుతుంది. తేల్చుకోవడానికి చేతిలో ఫోన్ ఉంటే చాలు.

ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. ఈ మాట మర్చిపోవద్దు, ఎందుకంటే డేటా ఆన్‌లో ఉంటే వైఫైలో నెట్ లేకపోయినా ఫోన్ చడీచప్పుడు లేకుండా డేటాకి మారిపోతుంది, మీరేమో వైఫై బాగానే ఉందనుకుంటారు. ఇంటి వైఫైకి కనెక్ట్ అయ్యి, ఇంతకుముందు తెరవని సైటు ఏదైనా తెరవండి. తర్వాత డేటా ఆన్ చేసి, ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, కంప్యూటర్‌ని దానికి కనెక్ట్ చేయండి. ఫోన్‌కి ఇంటి వైఫైలో నెట్ రాకపోతే కంప్యూటర్‌ని వదిలేయండి, దాని తప్పేమీ లేదు. ఫోన్‌కి వచ్చి, కంప్యూటర్‌కి హాట్‌స్పాట్ కూడా దొరక్కపోతే తప్పు కంప్యూటర్‌దే. ఫోన్‌కి ఇంటి వైఫై బాగుంది, కంప్యూటర్‌కి హాట్‌స్పాట్ బాగుంది, కానీ కంప్యూటర్‌కీ ఇంటి వైఫైకీ మాత్రమే పొసగడం లేదంటే ఆ రెండింటి మధ్య సెట్టింగేదో మారింది.

ఎవరికీ రాకపోతే

రౌటర్ దగ్గరికి వెళ్లి లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే డబ్బా మీద పీఓఎన్ (PON) అని ఒకటి, ఎల్ఓఎస్ (LOS) అని ఒకటి ఉంటాయి. పీఓఎన్ పచ్చగా నిలకడగా వెలుగుతుంటే బయటి నుంచి సిగ్నల్ వస్తున్నట్టు. ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం, అంటే చాలావరకు తీగ ఎక్కడో తెగింది లేదా నలిగింది. ఆ ఎర్ర లైటు ఉన్నంతసేపూ కంప్యూటర్‌లో మీరు ఏం చేసినా ఉపయోగం లేదు.

ఎర్ర లైటు కనిపిస్తే కంపెనీకి ఫోన్ చేసేముందు ఇంట్లో ఉన్న తీగంతా ఒకసారి చూడండి. డబ్బాలోకి సన్నటి తీగ ఒకటి వెళ్తుంది, చివర తరచుగా ఆకుపచ్చ పిన్ను ఉంటుంది. లోపల ఉన్నది గాజు. రాగి తీగలా మడిచి సోఫా వెనక కుక్కితే ఒప్పుకోదు. మా బిల్డింగ్‌లో కింది ఫ్లాట్ ఆంటీ గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒకరోజు "బాబూ, నెట్ రావట్లేదు, మనవరాలికి ఆన్‌లైన్ క్లాసు ఉంది" అని పిలిచారు. "ఎర్ర లైటు ఏమైనా కొట్టుకుంటోందా ఆంటీ?" అంటే అవునన్నారు. ముందురోజు ఇల్లు సర్దుతూ చెప్పుల స్టాండు గోడకి జరిపారట, దాని వెనక కాలు సరిగ్గా ఆ తీగ మీద నిలబడి ఉంది. స్టాండు జరిపి, మడత పడ్డచోట తీగని మెల్లగా వదులు చేసి, గుండ్రంగా వంపు తిరిగేలా పెట్టి, పిన్ను తీసి మళ్లీ టక్కుమనేదాకా గుచ్చితే కాసేపటికి పీఓఎన్ పచ్చబడింది. ప్రతిసారీ ఇలా కుదరదు, గాజు విరిగితే కొత్త తీగ వేయాల్సిందే. ఒక జాగ్రత్త: పిన్ను బయటికి తీసినప్పుడు దాని కొసలోకి కంటితో చూడకండి. అందులో వచ్చే వెలుతురు కంటికి కనబడదు కానీ అది లేజర్.

ఇంట్లో తీగ బాగుందంటే తప్పు బయటే. బెంగళూరులో ఉంటున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కేబుళ్లు చెట్ల మీదా, కరెంటు స్తంభాల మీదా వేలాడుతూ ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చి కొమ్మ విరిగితే ఒక లైనంతా పోతుంది. రోడ్డు తవ్వితే పోతుంది. స్తంభాల మీద వేలాడే కేబుళ్లని ఇక్కడి కరెంటు కంపెనీ బెస్కామ్ వాళ్లు తీయించిన రోజున పోతుంది. పక్కింట్లో అదే కంపెనీ కనెక్షన్ ఉంటే ఒక్క మాట అడగండి, మీ ఒక్కరిదేనా వీధిదా అన్నది తెలిసిపోతుంది. ఫోన్ చేసి "ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది, లోపల తీగ చూశాను" అని మొదటే చెబితే వాళ్లు మిమ్మల్ని పావుగంట రీస్టార్ట్‌లు చేయించకుండా నేరుగా లైన్‌మన్‌కి పంపే అవకాశం ఎక్కువ. ఇక్కడ లైన్‌కి వచ్చే కుర్రాళ్లలో కొందరికి తెలుగు వస్తుంది. రాకపోతే కన్నడలో "కెంపు లైట్ బర్తా ఇదె" (ఎర్ర లైటు వస్తోంది) అంటే చాలు. ఫిర్యాదు ఇచ్చాక డాకెట్ నంబరు అడిగి రాసుకోండి. అది ఇవ్వడం వాళ్ల బాధ్యత, పని కాకపోతే పై అధికారికి అప్పీలు చేసేటప్పుడు అదే ఆధారం.

ఫైబర్ కాకుండా నీలం రంగు లావు కేబుల్ నేరుగా ఇంట్లోకి వచ్చే చిన్న ఆపరేటర్ల కనెక్షన్లు పీజీ హాస్టళ్లలో, పాత అపార్ట్‌మెంట్లలో ఇంకా ఉన్నాయి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే పిల్లలకి ఇది బాగా తెలుసు. వీటికి టెర్రస్ మీదో, మెట్ల కిందో ఒక స్విచ్ డబ్బా ఉంటుంది, అది కరెంటుతో నడుస్తుంది. మీ ఇంట్లో జనరేటర్ వల్ల లైట్లు వెలుగుతున్నా ఆ డబ్బాకి బ్యాకప్ లేకపోతే నెట్ రాదు. కరెంటు పోయిన గంటలోనే నెట్ కూడా పోయిందంటే ముందు దీన్ని అనుమానించండి. కరెంటు సంగతి తెలుసుకోవడానికి బెస్కామ్ నంబరు 1912. ఇంకొకటి, ప్యాక్ గడువు అయిపోయినా కొన్నిచోట్ల వైఫై సిగ్నల్ నిండుగానే ఉంటుంది, బ్రౌజర్‌లో ఏది తెరిచినా లాగిన్ పేజీయో, రీచార్జ్ పేజీయో వస్తుంది, లేదా ఏదీ తెరుచుకోదు. ఆ తేదీ ఒకసారి చూసుకోండి.

కంప్యూటర్‌కి మాత్రమే రాకపోతే

ఇక్కడ ఓపిక కావాలి. ముందు కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది. దానివల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా దిగదు, లోపలి స్థితిని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే తెస్తుంది, చెడిపోయిన వైఫై డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) స్థితితో సహా. రీస్టార్ట్ అయితే అన్నీ మొదటి నుంచి లేస్తాయి. రోజూ ఆపి వేస్తున్నా తగ్గని సమస్య ఒక్క రీస్టార్ట్‌కి పోవడానికి కారణం ఇదే.

తర్వాత తెర కింద టైము చూపించేచోట వైఫై గుర్తు నొక్కి చూడండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందా? ల్యాప్‌టాప్‌లలో పై వరస కీలలో విమానం బొమ్మ ఉన్నది పొరపాటున తగిలితే చాలు, వైఫై ఆగిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది తరచూ జరుగుతుంది. కొన్ని పాత మోడళ్లలో పక్కన జరిపే స్విచ్ కూడా ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే విండోస్‌లో ఎంత నొక్కినా వైఫై ఆన్ అవదు.

వైఫై బటనే కనబడకపోతే విషయం వేరు. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద చూడండి. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్ లాంటి పేరుతో పాటు వైఫై అనో వైర్‌లెస్ అనో ఉన్నదే మీ వైఫై కార్డు. దాని మీద కిందికి బాణం గుర్తు ఉంటే ఎవరో డిసేబుల్ చేశారు, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయండి. పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్ సరిగ్గా లేవలేదు. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడు మొదలైతే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ మసకగా ఉంటే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదన్నమాట. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ డివైస్ అనండి, డ్రైవర్ ఫైళ్లు కూడా తీసేయమని అడిగే గడిలో మాత్రం టిక్ పెట్టకండి, రీస్టార్ట్ చేయండి. విండోస్ కార్డుని మళ్లీ గుర్తుపట్టి ఉన్న డ్రైవర్‌నే శుభ్రంగా ఎక్కిస్తుంది. కొత్త డ్రైవర్ దించుకోవాలి, నెట్ మాత్రం లేదు, ఎలా అంటారా? ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. వైఫై కార్డుతో పనిలేకుండా నెట్ వస్తుంది. డ్రైవర్ మాత్రం మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొట్టి తీసుకోండి. డ్రైవర్లు వెతికిపెడతాం అని వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు, ఇది గట్టిగానే చెబుతున్నా.

లిస్టులో ఆ కార్డు పేరే లేకపోతే ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కిపట్టి, తర్వాత ఆన్ చేయండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోయి కార్డు మళ్లీ కనబడటం కొన్ని మోడళ్లలో జరుగుతుంది. డెస్క్‌టాప్ అయితే వెనక చూడండి. రెండు చిన్న యాంటెన్నాలు మర చుట్టి ఉండాలి. సీపీయూ జరిపినప్పుడు అవి ఊడిపోతే కార్డు బాగానే ఉన్నా సిగ్నల్ సరిగ్గా రాదు.

పక్కవాళ్ల వైఫైలు కనబడి మీది మాత్రమే కనబడకపోతే అది చాలావరకు బ్యాండ్ (వైఫై నడిచే రేడియో తరంగాల వరస) గొడవ. పాత కంప్యూటర్లలో కార్డులు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆగిపోయి 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే నడుస్తుంటే కొత్త ఫోన్లకి నెట్ వస్తుంది, ఆ కంప్యూటర్‌కి రాదు. అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. మన దేశంలో 2.4 బ్యాండ్‌లో 13 చానెళ్లు (దాంట్లోని విడివిడి దారులు) వాడొచ్చు, అమెరికా కోసం చేసిన కార్డులు చాలావరకు 11తోనే ఆగిపోతాయి. మీ రౌటర్ ఆటోమేటిక్‌గా 12కో 13కో మారిన రోజున ఆ ల్యాప్‌టాప్‌కి మీ వైఫై మాయమైపోతుంది. రౌటర్ సెట్టింగుల్లో చానెల్‌ని 1, 6, 11లో ఒకదానికి కట్టేస్తే సరి, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి అపార్ట్‌మెంట్లలో ఇవే మేలు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కనెక్ట్ అవకపోతే ముందు ఆ నెట్‌వర్క్‌ని ఫర్‌గెట్ చేసి మళ్లీ కలపండి. అప్పటికీ కాకపోతే రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉందేమో చూడండి. పాత కార్డులకి అది అర్థం కాదు, డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్న ఎంపిక పెట్టాలి.

కనెక్ట్ అయింది, నెట్ లేదు అంటుంటే

దీంతోనే మనుషులకి టెన్షన్ ఎక్కువ, కానీ తేలిగ్గా తేలేది కూడా ఇదే. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కి, ఇంగ్లిష్‌లో సీఎండీ (cmd) అని కొట్టి ఎంటర్ చేయండి. నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ మీ కంప్యూటర్‌కి అడ్రస్ ఇవ్వలేదు, పిలిచి పిలిచి జవాబు రాక కంప్యూటరే ఒకటి పెట్టుకుంది. రౌటర్‌ని స్విచ్ ఆపి వేయండి. తర్వాత అదే కిటికీలో ఐపీకాన్ఫిగ్ కొట్టి, ఖాళీ ఇచ్చి, స్లాష్ పెట్టి రిలీజ్ అనండి (ipconfig /release), ఆ తర్వాత అలాగే రెన్యూ అనండి (ipconfig /renew).

అడ్రస్ 192.168తో మొదలైతే మంచిదే. అక్కడే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబరు ఉంటుంది, తరచుగా 192.168.1.1 లేదా 192.168.0.1. పింగ్ (ping) అని కొట్టి ఖాళీ ఇచ్చి ఆ నంబరు కొట్టండి. రిప్లై వస్తే రౌటర్ దాకా దారి బాగుంది. తర్వాత పింగ్ 8.8.8.8 అనండి. దానికి కూడా రిప్లై వచ్చి, బ్రౌజర్‌లో మాత్రం సైట్లు రాకపోతే తీగలూ కార్డులూ అన్నీ బాగున్నట్టే, సైటు పేరుని నంబరుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర ఆగింది. వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్‌ని మాన్యువల్ చేసి 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టండి. మొదటిది గూగుల్ 2009 నుంచి, రెండోది క్లౌడ్‌ఫ్లేర్ 2018 నుంచి ఉచితంగా నడుపుతున్నవి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఇంకో రెండు చూడాలి. ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) మధ్యలో తెగి, దాని సెట్టింగు అలాగే ఉండిపోతే నెట్ ఆగిపోతుంది. వీపీఎన్ పూర్తిగా ఆపి చూడండి. సెట్టింగుల్లో ప్రాక్సీ అన్నచోట మీరు పెట్టనిది ఏదైనా ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఐటీ వాళ్లని అడిగాకే. పాత డెస్క్‌టాప్‌లలో తేదీ కూడా చూడండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సురక్షిత సైట్లన్నీ ప్రమాదం అంటూ తెరుచుకోవు. బ్యాటరీ విడిగా కొనుక్కోవచ్చు.

నెట్‌వర్క్ రీసెట్ అని విండోస్‌లోనే ఒకటి ఉంది, విండోస్ 11లో అయితే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద. దాన్ని చివరికి ఉంచుకోండి. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేస్తుంది, వీపీఎన్ కూడా మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. పాస్‌వర్డ్ చేతిలో ఉంటేనే నొక్కండి.

వస్తూ పోతూ ఉంటే డివైస్ మేనేజర్‌లో అదే కార్డు ప్రాపర్టీస్‌కి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపవచ్చు అన్న టిక్ తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నప్పుడే పోతుంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, ఓవెన్ కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పక్కనే వైఫై డాంగుల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న వైఫై ముక్క) గుచ్చి ఉంటే దూరం జరపండి, యూఎస్‌బీ 3 పరికరాలు, కేబుళ్ల నుంచి 2.4 బ్యాండ్‌లోకి కూడా రొద వస్తుందని ఇంటెల్ 2012లోనే రాసింది.

ఇవన్నీ అయ్యాక కూడా కార్డు లేవకపోతే దాన్ని బాగుచేయించడానికి డబ్బు పోయకండి. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్‌పీ రోడ్‌కి వెళ్తే యూఎస్‌బీ వైఫై డాంగుళ్లు గుట్టలుగా ఉంటాయి. వేలెడంత చవక రకం ఎక్కువగా 2.4 మాత్రమే పట్టుకుంటుంది, చుట్టూ పాతిక వైఫైలున్న అపార్ట్‌మెంట్‌లో దాంతో విసిగిపోతారు. డ్యూయల్ బ్యాండ్ కావాలని అడగండి. మీ విండోస్ వెర్షన్‌కి డ్రైవర్ ఉందని పెట్టె మీద రాసి ఉందో లేదో చూడండి. ఈ రోజుల్లో కంప్యూటర్లకి సీడీ డ్రైవు ఉండదు కాబట్టి, డ్రైవర్ సీడీ మీద కాకుండా డాంగుల్‌లోనే ఉండే రకం తీసుకోండి. షాపులోనే వాళ్ల కంప్యూటర్‌కి గుచ్చి చూపించమనండి, బిల్లు తీసుకోండి.